ఎంఎస్‌హెచ్‌1 ప్రోటీన్

ఎంఎస్‌హెచ్‌1 మొక్కల మైటోకాండ్రియాలోనూ హరితరేణువుల్లోనూ ఉండే డీఎన్‌ఏను కాపాడే ప్రోటీన్. దీని జన్యువు కేంద్రకంలో ఉంటుంది. ప్రోటీన్ కణద్రవ్యంలో తయారై రెండు రకాల కణాంగాల్లోకీ చేరుతుంది. డీఎన్‌ఏలో జత కుదరని క్షారాలను పట్టుకునే బాక్టీరియా ప్రోటీన్ మట్‌ఎస్‌కు ఇది చుట్టం. అయితే దీని చివర డీఎన్‌ఏను కత్తిరించే జీఐవై-వైఐజీ అనే భాగం అదనంగా ఉంది. మట్‌ఎస్‌లో అది లేదు.

ఈ జన్యువు ప్రభావం దాన్ని గుర్తించడానికి చాలా ముందే కంటికి కనిపించింది. అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయంలో పనిచేసిన జార్జ్ రెడీ 1973లో అరబిడాప్సిస్ మొక్కలో ఒక వింత ఉత్పరివర్తనాన్ని వివరించారు. అరబిడాప్సిస్ ఆవాల కుటుంబంలోని చిన్న మొక్క. ఈ ఉత్పరివర్తనం ఉన్న మొక్కల ఆకుల మీద పచ్చదనం మధ్యలో తెల్లని, పసుపుపచ్చని మచ్చలు పడేవి. అలాంటి మొక్క పువ్వుకు మామూలు మొక్క పుప్పొడి అందిస్తే, పిల్ల మొక్కల కేంద్రకంలోకి మంచి జన్యువు వచ్చినా మచ్చలు పోలేదు. పుప్పొడిని మచ్చల మొక్క నుంచి తీసుకుని మామూలు పువ్వుకు అందిస్తే మాత్రం మొదటి తరంలో మచ్చలే లేవు. అంటే లోపం పుట్టింది కేంద్రక జన్యువులో, దెబ్బ తగిలింది తల్లి వైపు నుంచి వచ్చే కణాంగాల డీఎన్‌ఏకు. ఒకసారి తగిలిన దెబ్బ జన్యువు బాగుపడినా మానదు. ఆ జన్యువు మట్‌ఎస్ తరహా ప్రోటీన్‌ను తయారుచేస్తుందని 2003లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయానికి చెందిన శాలీ మెకెంజీ బృందం తేల్చింది.

దీని పని తెలియాలంటే మొక్కల మైటోకాండ్రియా డీఎన్‌ఏ తీరు చూడాలి. మనిషి మైటోకాండ్రియా డీఎన్‌ఏ 16,569 క్షారజంటల పొడవు. అరబిడాప్సిస్‌లో అది దాదాపు 3,67,000. ఇంత పెద్దదైనా అందులో క్షారాలు చాలా నెమ్మదిగా మారతాయి. మొక్కల్లో మైటోకాండ్రియా జన్యువుల మార్పు వేగం హరితరేణువుల వేగంలో మూడో వంతు కూడా లేదనీ, హరితరేణువులది కేంద్రకం వేగంలో సగమేననీ 1987లోనే లెక్కగట్టారు. జన్యువుల వరస మాత్రం దగ్గరి జాతుల మధ్య కూడా తారుమారై ఉంటుంది. అక్షరం చెక్కుచెదరని తాళపత్ర గ్రంథంలో ఆకుల వరస మారిపోయినట్టన్నమాట.

ఈ రెండు లక్షణాలకూ మూలం ఒకటే: పునఃసంయోజనం. తెగిన డీఎన్‌ఏను అదే వరస ఉన్న మరో ప్రతిని చూసి సరిచేసుకోవడం దాని మేలు. ఒకేలాంటి వరస వేరే చోట కూడా ఉంటే, పొరపాటున దానితో జతకట్టి జన్యుపదార్థాన్ని తిరగరాయడం దాని కీడు. వేల క్షారజంటల పొడవున్న పునరావృత వరసలు మామూలు మొక్కల్లోనూ తరచుగా ఇలా కలుస్తూనే ఉంటాయి. పేచీ అంతా సుమారు 50 నుంచి 500 క్షారజంటల మధ్య ఉండే వాటితోనే. ఎంఎస్‌హెచ్‌1 వాటిని కలవనివ్వదు. అది లేకపోతే అవి విచ్చలవిడిగా కలుస్తాయి.

ఇలా అతుకులు పడి పుట్టిన కొత్త జన్యువులు కొన్నిసార్లు పుప్పొడిని చంపేస్తాయి. 2007లో పొగాకు, టమాటా మొక్కల్లో ఎంఎస్‌హెచ్‌1ను తగ్గించి చూస్తే మగ వంధ్యత్వం వచ్చింది. వ్యవసాయంలో ఇది కొత్త సంగతేమీ కాదు. కరీంనగర్ ప్రాంతంలో హైబ్రిడ్ వరి విత్తనం పండించే పొలాల్లో ఆడ వరుసలు, మగ వరుసలు వేరుగా నాటి, పూత సమయంలో పైరు మీదుగా తాడు లాగి పుప్పొడి రాలుస్తారు. హైబ్రిడ్ వరిలో ఎక్కువగా వాడే ఆడ రకానికి సొంత పుప్పొడి లేకపోవడానికి కారణం మైటోకాండ్రియాలో ఇలా ముక్కలు అతికి ఏర్పడిన డబ్ల్యూఏ352 అనే జన్యువే. మొక్కజొన్నలోని టెక్సస్ రకం వంధ్యత్వం వెనకా అలాంటి జన్యువే ఉంది. 1970లో అమెరికా మొక్కజొన్నను ఆకు ఎండు తెగులు తీవ్రంగా దెబ్బతీసినప్పుడు, ఆ జన్యువు తయారుచేసే ప్రోటీనే తెగులు తెచ్చే శిలీంధ్రపు విషానికి దారి ఇచ్చింది.

ఈ కాపలాలో ఎంఎస్‌హెచ్‌1 ఒంటరి కాదు. తెగిన కొసను సరైన జోడీతో కలపడం రెక్‌ఏ ప్రోటీన్ల పని. ఓఎస్‌బీ1 మైటోకాండ్రియాలో ఒంటిపోగు డీఎన్‌ఏను అంటిపెట్టుకుంటుంది. వర్లీ ప్రోటీన్లు నాలుగేసి కలిసి అలాంటి పోగునే పట్టుకుని, కొద్దిపాటి క్షారాల పోలికతోనే అది తప్పు చోట అతుక్కోకుండా చూస్తాయి. అరబిడాప్సిస్ హరితరేణువుల్లోని రెండు వర్లీలనూ తీసేస్తే అక్కడి డీఎన్‌ఏ తారుమారవుతుందనీ, కొన్ని మొక్కల ఆకుల మీద మచ్చలు పడతాయనీ మాంట్రియల్ పరిశోధకులు 2009లో చూపారు.

ఎంఎస్‌హెచ్‌1 తప్పు కలయికలను ఆపడంతో సరిపెట్టుకోదని 2020లో తెలిసింది. అది లేని అరబిడాప్సిస్‌లో ఒక్కో క్షారం మారే ఉత్పరివర్తనాలు కూడా రెండు కణాంగాల్లోనూ బాగా పెరిగాయి. జత కుదరని చోట ఈ ప్రోటీన్ డీఎన్‌ఏను కోసేస్తుందనీ, ఆ కోతను మరో మంచి ప్రతిని చూసి కణాంగం సరిచేసుకుంటుందనీ ఒక వివరణ ఉంది. తప్పును దిద్దడానికి మొత్తం పోగునే తెంచడం మొరటు పద్ధతిలా కనిపిస్తుంది గానీ, ఒక్కో కణంలో ఎన్నో ప్రతులుండే డీఎన్‌ఏకు అది తగినదే. మెత్తని పగడాల్లోనూ మట్‌ఎస్ తరహా జన్యువు ఉంది. వాటిలో అది కేంద్రకంలో కాకుండా మైటోకాండ్రియా డీఎన్‌ఏలోనే ఉంటుంది, ఆ డీఎన్‌ఏ కూడా చాలా నెమ్మదిగా మారుతుంది.