పోయింది ఫెహరిస్తు, కితాబు కాదు

మా అబ్బాజాన్ రిజిస్ట్రారు ఆఫీసు ముందు చెట్టు కింద ముప్పై ఏళ్లు దస్తావేజులు రాశారు. నిజాం కాలపు ఉర్దూ కాగజాలు చదివి రైతుకు తెలుగులో మతలబు చెప్పడం ఆయన అసలు హునరు. ముసలితనంలో ఆయనకో ఖయాలు వచ్చింది. "మన ఊళ్లల్ల ఇంకా నడుస్తున్న ఈ సర్కారీ మాటలు, ఖుష్కీ, తరీ, శిక్మీ, సేత్వార్, చౌఫస్లా... నేను పోయినంక వీటికి మానీ చెప్పెటోడు ఉండడు. రాసుకో బేటా" అన్నారు. 2004 నుంచి మూడేళ్లపాటు, ఇషా తర్వాత ఆయన మంచం మీద కూర్చుని చెబుతుంటే నేను కంప్యూటర్‌లో కొట్టేవాణ్ని. ఒక్కో అక్షరానికి ఒక్కో ఫైలు. మొత్తం ముప్పై ఒక్క ఫైళ్లు. ప్రతి మాటకూ ఒక ఊరి కథ మిసాల్‌గా చెప్పేవారు.

2009లో ఆయన ఇంతకాల్ అయ్యింది. 2011లో ఒకరోజు కంప్యూటర్ నల్ల తెర మీద ఒక ఇంగ్లీషు ముక్క చూపించి ఆగిపోయింది. బాగుచేసే పిల్లవాడి దగ్గరికి తీసుకెళితే, "సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టి మళ్లీ విండోస్ వేస్తా అంకుల్, డీ డ్రైవ్ ముట్టను, మీ ఫైళ్లన్నీ డీలోనే ఉన్నాయి కదా?" అని అడిగాడు. ఉన్నాయన్నాను. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. నేను దాచుకున్నది 'మై డాక్యుమెంట్స్'లో. అది ఉండేది సీ డ్రైవ్‌లో. గలతీ ఆ పిల్లవాడిది కాదు, నాది. నకలు తీసి పెట్టుకోకపోవడం అంతకన్నా పెద్ద గలతీ. ఈ రెండు మాటలూ, అసలు, నకలు, అబ్బా ఫైళ్లలో ఉన్నవే.

ఆ తర్వాత వారం రోజులు నిద్ర లేదు. ఆ వారంలోనే ఈ డిస్కుల తారీఖు చదవడం మొదలుపెట్టాను. (తెలుగులో తారీఖు అంటే రోజు. ఉర్దూలో చరిత్రను కూడా తారీఖే అంటారు.)

మొదటి హార్డ్ డిస్కు 1956లో వచ్చింది. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో రేనాల్డ్ జాన్సన్ అనే ఇంజనీరు నాయకత్వంలో ఐబీఎం కంపెనీ వాళ్లు తయారుచేశారు. రామాక్ అనే కంప్యూటర్‌కు అది ఖజానా. ఒక్కోటి రెండడుగుల వెడల్పున్న పళ్లేలు యాభై, ఒకదాని మీద ఒకటి, నిమిషానికి 1200 చుట్లు తిరిగేవి. టన్నుకు పైగా బరువు. ఇంత చేసి అందులో పట్టేది యాభై లక్షల అక్షరాలు. ఇవాళ మన ఫోన్‌లో ఒక్క ఫోటోకు చాలవు. అయినా హైరత్ కలిగించే సంగతి ఒకటుంది. అంతకుముందు టేపు మీద చివర్లో ఉన్న ఖాతా కావాలంటే మొదటి నుంచి చుట్టుకుంటూ పోవాలి. ఈ డిస్కు మీద సూది నేరుగా కావలసిన చోటికే పోతుంది.

నేరుగా పోవాలంటే ఎక్కడికి పోవాలో తెలియాలి. అంటే ఫెహరిస్తు కావాలి. నా కథంతా ఈ ఫెహరిస్తు దగ్గరే ఉంది కాబట్టి ఇక్కడ కాస్త నిలబడదాం.

1977లో మైక్రోసాఫ్ట్‌లో మార్క్ మెక్‌డొనాల్డ్ అనే ప్రోగ్రామరు ఫాట్ అనే పద్ధతి రాశాడు. తర్వాత డాస్ కంప్యూటర్లన్నీ దాని మీదే నడిచాయి. దాన్ని మన పట్వారీ దఫ్తరంతో పోల్చుకుంటే సులువుగా అర్థమవుతుంది. డిస్కు మొత్తాన్ని చిన్న చిన్న సర్వే నంబర్లుగా కోస్తారు. ఒక రిజిస్టరులో ఫైలు పేరు, దాని మొదటి నంబరు, మొత్తం విస్తీర్ణం ఉంటాయి. ఇంకో పట్టికలో ఈ నంబరు తర్వాత ఏ నంబరుకు పోవాలో ఉంటుంది. భూమి ఎక్కడో, కాగితం ఎక్కడో.

ఇప్పుడు మీరు ఫైలును తుడిచేశారనుకోండి. డాస్ ఏం చేస్తుందంటే, రిజిస్టరులో ఆ పేరులోని మొదటి హర్ఫు ఒక్కటి కొట్టేసి దాని స్థానంలో ఒక గుర్తు పెడుతుంది. ఆ గుర్తు ఈ5. పట్టికలో ఆ నంబర్లన్నీ సున్నా చేస్తుంది. అంతే. పొలాన్ని ముట్టుకోదు. ఆ భూమి ఇక సర్కారీది, ఎవరికైనా పట్టా ఇవ్వొచ్చు అని రాసుకుంటుంది. కొత్త కాస్తుదారు వచ్చి నాగలి పెట్టేదాకా పాత గెట్లు, పాత చెట్లు, పాత బావి అన్నీ అక్కడే ఉంటాయి.

ఈ రహస్యాన్ని బజారులోకి తెచ్చినవాడు పీటర్ నార్టన్. ఒకసారి తన ఫైలునే పొరపాటున తుడిచేసుకున్నాడు. దాన్ని వెతికి తెచ్చుకోవడానికి సొంతంగా ఒక ప్రోగ్రాము రాసుకున్నాడు. 1982లో అది అన్‌ఇరేజ్ పేరుతో, నార్టన్ యుటిలిటీస్ అనే సంచిలో అమ్మకానికి వచ్చింది. జనం కొన్నారంటే ఎందుకు కొనరు? దాని తర్వాత 1991లో మైక్రోసాఫ్ట్ తన డాస్ 5లోనే అన్‌డిలీట్ అనే హుకుం చేర్చింది. దాన్ని కూడా సెంట్రల్ పాయింట్ అనే మరో కంపెనీ దగ్గర తీసుకుంది. అది పోయిన ఫైలు పేరు చూపించి, మొదటి హర్ఫు ఏమిటో మిమ్మల్నే అడుగుతుంది. మిగతాదంతా దానికి యాదే. ఒక్క హర్ఫు మాత్రం మనిషి చెప్పాలి. పాత తరం కంప్యూటర్ వాళ్లకు ఈ తెర గుర్తుండే ఉంటుంది.

ఫార్మాట్ కొట్టినా ఇంచుమించు ఇదే మామలా. విండోస్ ఎక్స్‌పీలో ఫార్మాట్ అంటే దఫ్తరం మొత్తం చింపేసి కొత్త కోరా రిజిస్టరు తెరవడం. పొలాల మీద సున్నాలు దున్నడం విస్టా నుంచి, అదీ పూర్తి ఫార్మాట్ ఎంచుకుంటేనే. నా కంప్యూటర్‌లో ఉన్నది ఎక్స్‌పీ. ఈ సంగతి చదివిన రాత్రి నేను ఎన్నిసార్లు షుక్ర్ చెప్పుకున్నానో లెక్క లేదు.

మరి రిజిస్టరే లేనప్పుడు పొలం ఎవరిదో ఎలా కనిపెడతారు? మట్టిని చూసి. ప్రతి రకం ఫైలు మొదట్లో ఒక నిశానీ ఉంటుంది. ఫోటో అయితే ఎఫ్ఎఫ్ డీ8 అనే అంకెలతో మొదలై ఎఫ్ఎఫ్ డీ9తో ముగుస్తుంది. పాత వర్డ్ ఫైళ్ల నిశానీలో ఒక దిల్లగీ కూడా ఉంది. అది డీ0 సీఎఫ్ 11 ఈ0. ఇంగ్లీషులో కలిపి చూస్తే అచ్చం 'డాక్‌ఫైల్' అన్నట్టే కనిపిస్తుంది. ఎవరో ప్రోగ్రామరు నవ్వుకుంటూ పెట్టి ఉంటాడు. డిస్కును ఈ చివర నుంచి ఆ చివరిదాకా చదువుతూ ఈ నిశానీలు పట్టుకుని ఫైళ్లను చెక్కి తీయడాన్ని కార్వింగ్ అంటారు. అమెరికా వైమానిక దళం దర్యాప్తు విభాగంలో ఇద్దరు అధికారులు ఫోర్‌మోస్ట్ అనే ప్రోగ్రాము రాశారు, ముజ్రిముల డిస్కుల నుంచి సబూతులు తీయడానికి. ఫ్రాన్స్‌కు చెందిన క్రిస్టఫ్ గ్రెనియే రాసిన ఫోటోరెక్ మనలాంటి మామూలు జనానికి ముఫ్తుగానే దొరుకుతుంది. పేరులో ఫోటో ఉన్నా వర్డ్ ఫైళ్లు కూడా తీస్తుంది.

ఈ పద్ధతికి రెండు లోపాలు. పేర్లు రావు, ఎందుకంటే పేర్లు చింపేసిన రిజిస్టరులో ఉన్నాయి. ఇక ఫైలు ముక్కలై అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే మొదటి ముక్కే దొరికి, మిగతాది గల్లంతవుతుంది.

ఇదంతా డిస్కు ఒళ్లు బాగుండి దిమాగు పోయినప్పటి సంగతి. ఒళ్లే పోతే వేరే. రామాక్‌లో సూది పళ్లేనికి తగలకుండా పంపుతో గాలి కొట్టేవారు. ఇప్పటి డిస్కుల్లో పళ్లెం తిరిగే గాలికే సూది కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలుతుంది. ఒక్క ధూళి రేణువు చాలు గీతలు పడటానికి. అందుకే డిస్కు టక్ టక్ అని కొట్టుకుంటుంటే వెంటనే కరెంటు తీసేయాలి. ఫ్రిజ్‌లో పెట్టి చూడమనే సలహాదారులు మన ప్రతి గల్లీలో ఉన్నారు. వాళ్ల మాట వినకండి, లోపల తేమ చేరి ఉన్నది కూడా పోతుంది.

ఒళ్లు కాలిపోయిన డిస్కు కథ ఒకటి చెప్పాలి. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా అంతరిక్ష నౌక భూమికి తిరిగొస్తూ టెక్సాస్ ఆకాశంలో ముక్కలైపోయింది. లోపలున్న ఏడుగురూ పోయారు. మన కర్నాల్ బిడ్డ కల్పనా చావ్లా వారిలో ఒకరు. అందులో జెనాన్ వాయువు మీద ఒక ప్రయోగం జరిగింది. ఒక స్థితిలో దాన్ని కదిలిస్తే దాని చిక్కదనం ఎలా తగ్గుతుందో చూడాలని. లెక్కల్లో కొంత భాగం రేడియో ద్వారా కిందికి వచ్చింది. మిగతాదంతా నాలుగు వందల మెగాబైట్లు కూడా లేని ఒక హార్డ్ డిస్కులో ఉండిపోయింది. ప్రమాదం జరిగిన ఆర్నెల్లకు ఎండిన చెరువు మట్టిలో అది దొరికింది. పైనున్న సర్క్యూట్లు కాలిపోయి, ప్లాస్టిక్ కరిగి, లోపలికి మన్ను చేరి ఉంది. మిన్నెసోటాలోని ఆన్‌ట్రాక్ కంపెనీలో పళ్లేలు బయటకు తీసి, కడిగి, కొత్త డ్రైవ్‌లో బిగించి చదివారు. నూటికి 99 వంతుల సమాచారం వచ్చింది! 2008లో ఆ ప్రయోగం ఫలితాలు ఫిజికల్ రివ్యూ ఇ అనే పత్రికలో అచ్చయ్యాయి.

దీన్ని కరామత్ అని రాసిన పత్రికలు చాలా ఉన్నాయి. నాకు మాత్రం ఇందులో నచ్చింది చిన్న వివరం. అది డాస్ డిస్కు. డాస్ ఫైళ్లను చెల్లాచెదరు చేయకుండా వరసగా ఒకపక్క నుంచి నింపుతూ పోయింది. డిస్కు సగమే నిండింది. దెబ్బ తగిలిన భాగం ఖాళీ భాగం. అదే నౌకలోని మరో రెండు డిస్కుల నుంచి ఒక్క హర్ఫు రాలేదు. వాటి గురించి ఎవరూ కథలు రాయలేదు.

నకలు ఉందని ధీమాగా ఉండేవారికి ఇంకో వాకియా. 1998లో పిక్సార్ వాళ్లు టాయ్ స్టోరీ 2 సినిమా తీస్తున్నారు. ఎవరో ఒక తుడిచే హుకుం కొట్టారు. కళ్ల ముందే పాత్రలు ఒక్కొక్కటీ మాయమయ్యాయి. నకళ్లు ఉన్నాయి కదా అని తెరిస్తే అవీ సరిగా పనిచేయడం లేదని తేలింది. బిడ్డను కని ఇంటి నుంచే పని చేస్తున్న గేలిన్ సుస్మన్ అనే ఉద్యోగిని ఇంట్లో ఒక కాపీ ఉండబట్టి బతికిపోయారు.

నా దగ్గరికి వద్దాం. ఒక దోస్తు కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఫోన్ చేస్తే వాడు చెప్పిన మొదటి మాట, "చాచా, దాన్ని ఆన్ చేయకండి." నేను అప్పటికే నాలుగు రోజులు వాడేశాను. విండోస్ కొత్తగా ఎక్కింది, ఇంట్లో పిల్లలు మూడు సినిమాలు ఎక్కించారు. సర్కారీ భూమిలో నాగళ్లు దిగిపోయాయన్నమాట. వాడు డిస్కు ఊడదీసి, ముందు డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో ఇంకో డిస్కులోకి పూర్తి నకలు తీశాడు. అది బాగున్న చోట్లు ముందు చదివి, మొరాయించే చోట్లకు చివర్లో వస్తుంది. అసలును పక్కన పెట్టి, ఆ నకలు మీద ఫోటోరెక్ నడిపాడు. రాత్రంతా నడిచింది. తెల్లారేసరికి వేల ఫైళ్లు, అన్నిటికీ పేరుకు బదులు అంకెలే.

వర్డ్ ఫైలు ఒకటి తెరిచాను. గుండె గుభేలుమంది. ఇంగ్లీషు అక్షరాలు, గీతలు, చుక్కల గుట్ట. పాడైపోయిందనుకున్నాను. పాడవలేదు. అప్పట్లో మేం టైపు చేసింది అను ఫాంట్లలో. అవి ఇంగ్లీషు అక్షరాల గుర్తుల మీద తెలుగు బొమ్మలు తొడిగినవి. ఫాంటు లేకపోతే ముసుగు తీసేసినట్టే. తెలుగు యూనికోడ్‌లో మొదటి కూర్పు నుంచి, 1991 నుంచి ఉంది. అయినా మన డీటీపీ సెంటర్లు చాలా ఏళ్లు అటు చూడలేదు. ఇన్‌పేజ్‌లో కొట్టిన ఉర్దూ కితాబుల హాలు కూడా ఇదే. డిస్కు బాగుండి, ఫైలు బాగుండి, చదివే దారి మాత్రం మూసుకుపోతుంది. పాత ఫాంటు వెతికి ఎక్కించాక అబ్బా మాటలు ఒక్కొక్కటిగా తెర మీదికి వచ్చాయి.

ముప్పై ఒక్కటిలో ఇరవై నాలుగు సలామత్‌గా దొరికాయి. నాలుగు సగం సగం. మూడు రాలేదు. జ, త, ద. వాటి మీద ఇప్పుడు విండోస్ ఉందో, పిల్లల సినిమా ఉందో తెలియదు. ఒక్కసారి కొత్తది రాశాక పాతది తిరిగి తెచ్చే ఉపాయం లేదు, ఎవరైనా తెస్తామంటే పైసలు ఇవ్వకండి. ఇవాళ్టి ఎస్ఎస్‌డీల్లో అయితే ఆ నాలుగు రోజుల గడువు కూడా ఉండదు. విండోస్ 7 నుంచి ట్రిమ్ అనే హుకుం ఉంది, తుడిచిన చోటును డ్రైవే ఖాళీ చేసి పెట్టుకుంటుంది. ఆ రోజు నా దగ్గర అలాంటిది ఉంటే ముప్పై ఒక్కటీ పోయేవి.

దస్తావేజులు రాసిన మనిషి లుగత్‌లో దస్తావేజు అన్న మాటే లేకుండా పోయింది.

రెండేళ్లుగా మిగిలిన పెద్దల దగ్గరికి తిరుగుతున్నాను. ఒక పాత పట్వారీ గారు తకావీ, తరీ, తహసీలు చెప్పారు. జప్తు, జామీను ఇంకొకరు చెప్పారు. దస్తావేజుకు నేనే రాసుకున్నాను, చెట్టు కింద ఆయన పక్కన కూర్చుని చూసింది. జమాబందీకి మానీ అందరూ చెబుతున్నారు. దానికి అబ్బా ఇచ్చిన మిసాల్, ఏదో ఊరి చెరువు కథ, నాకు సగమే యాదుంది. ఆ ఖానా ఖాళీగా వదిలాను.