ఆకాశం లేని ఫోటో

వన్ టౌన్‌లో మా అమ్మమ్మగారింట్లో గోడకి ఒక పాత ఫోటో వుండేది. యారాడ కొండ, అదేనండీ, డాల్ఫిన్స్ నోస్. దాని కింద నీళ్లు, ఒక పడవ, పడవలో ఒక మనిషి. హార్బరు జాడే లేదు గనక 1933కి ముందుదన్నమాట. కొండపైన ఆకాశం మాత్రం తెల్లకాగితమే. "మబ్బులేవీ అమ్మమ్మా?" అంటే, "వెలిసిపోయుంటాయిలేవే" అనేది.

వెలిసిపోలేదు, అసలు పడనే లేదు! ఇంగ్లండులో స్కాట్ ఆర్చర్ 1851లో బయటపెట్టిన పద్ధతిలో గాజుపలకకి కొలోడియన్ అనే జిగురు పూసి, వెండి ద్రావకంలో ముంచి, తడి ఆరకముందే ఫోటో తీసి, అక్కడే చీకటి గుడారంలో కడగాలి. ఆ పలకకి నీలమంటే మహా ఆత్రం. పచ్చటి చేను దానిమీద పడేలోపు నీలాకాశం కాస్తా ఎక్కువైపోయేది, పప్పు ఉడికేలోపు పోపు మాడినట్టు! తర్వాత పొడి పలకలొచ్చినా ఆ గుణం చాలాకాలం పోలేదు.

మరి అంత ఖాళీని ఏం చేసేవారు? తాటిచెట్టో, చింతకొమ్మో అడ్డం వచ్చేచోట కెమెరా పెట్టేవారు. లేదా కొండని పైకంటా నింపి ఆకాశాన్ని పీటంత చేసేవారు. 1850లలో మద్రాసు ప్రభుత్వ ఫోటోగ్రాఫరుగా పనిచేసిన లినేయస్ ట్రైప్ అయితే కొన్ని నెగటివుల మీద కుంచెతో మబ్బులే దిద్దాడు! పాత పల్లె ఫోటోల్లో మనం మెచ్చుకునే పొందిక చాలావరకు ఈ ఇబ్బందిలోంచి వచ్చిందే.

సరే, పడవలో మనిషి ఎందుకు? కొండ ఎంత ఎత్తో తెలియడానికి. కెమెరా మూత తీసి మళ్లీ పెట్టేదాకా కదలకుండా వుండాలి పాపం. బట్టల కొట్లో గజంబద్దలాంటివాడు. అట్ట మీద కొండ పేరుంది. గజంబద్దకి పేరెవరు రాస్తారు?

కలిగినవాళ్ల సంగతి వేరు. ఆరవ నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసమే జనానా స్టూడియో తెరిచాడు. దాన్ని ఒక దొరసాని నడిపేది. అక్కడికి వెళ్లినావిడ తన మొహం కోసం ఫోటో తీయించుకుంది. పొలంగట్టున నిలబెట్టినావిడ ఎవరి కొండకోసమో నిలబడింది.

ఇదంతా ఎవరినో తప్పుపట్టడానికి కాదండీ. మొన్న ఆల్బం సర్దుతుంటే మా అనంతగిరి ప్రయాణం ఫోటో కనబడింది. లోయ, పొగమంచు, ఒక పక్కగా కట్టెలమోపుతో ఎర్రచీర ఆవిడ. "కాస్త అలా నిలబడమ్మా, ఫోటో నిండుగా వుంటుంది" అని నిలబెట్టింది నేనే. బరువు దించకుండానే నిలబడింది. వెనక నా చేతిరాత: "అనంతగిరి". అంతే.

అమ్మమ్మ ఫోటో ఇప్పుడు మా ఇంట్లో వుంది. దుమ్ము తుడిచేటప్పుడు ఇదివరకు కొండని చూసేదాన్ని. ఇప్పుడు ముందు పడవ వైపే చూస్తున్నాను.