బుర్రకెక్కిన షుగరు

అక్కుపల్లిలో మా అమ్మమ్మ పేర్లు మర్చిపోయినప్పుడల్లా "సుగరు బుర్రకెక్కిపోనాదిరా" అనేది. ఇంజినీరింగ్ చదివినవాణ్ణి కదా, నవ్వేసేవాణ్ణి. చాలాకాలం వైద్యశాస్త్రమూ అంతే: మెదడు ఇన్సులిన్ లేకుండానే గ్లూకోజు తీసుకుంటుంది కాబట్టి దానికి ఇన్సులిన్‌తో పనిలేదనుకుంది.

1978లో హావ్రాంకోవా, జెస్సీ రోత్ బృందం ఎలుక మెదడులో ఇన్సులిన్ రిసెప్టర్లు చూపించింది. వినే చెవి ఉందంటే ఏదో కబురు వస్తున్నట్టే. ఏం కబురు? 2000లో బ్రూనింగ్ బృందం మెదడులో ఆ రిసెప్టర్ లేని ఎలుకల్ని పుట్టించింది. మెదళ్లు మామూలుగానే ఎదిగాయి. ఎలుకలు మాత్రం కాస్త లావెక్కాయి, సంతానశక్తి తగ్గింది. జ్ఞాపకశక్తి మీద పరిశోధనలు ఇంకా నడుస్తున్నాయి.

అమ్మమ్మ మరుపుకి కారణం షుగరేనని నేననను, వయసూ ఉంది. కానీ ఉద్దానం వాళ్లం కదా, డాక్టరు దగ్గరికెళ్తే కిడ్నీల గురించే అడిగేవాళ్లం. ఆ మరుపు గురించి ఒక్కసారీ అడగలేదు.