సుధ – సున్నము – గచ్చు

సౌధమనఁగా రాజభవనమని యమరము. శబ్దమును విడఁదీసి చూచినచో నందు రాజును లేఁడు, భవనమును లేదు. సుధ మాత్రమే యున్నది. సుధతోఁ బూయఁబడినది సౌధము. ఆ సుధాశబ్దమునకు నమరసింహుఁడు నానార్థవర్గమున లేపము, అమృతము, జెముడు అను మూఁడర్థముల నిచ్చెను. విద్యార్థులు అమృతమును జ్ఞాపక ముంచుకొందురు గాని యాతఁడు ముందు చెప్పినది గోడకుఁ బూయు లేపమునే. మట్టిగోడల నడుమఁ దెల్లని పూఁత గల యిల్లు రాజుదే యగుటచేఁ గాఁబోలు, పూఁత పేరే యింటికిఁ బేరయ్యెను.

తెలుఁగు తాపీపనివారి పదము సున్నము. ఇది చూర్ణశబ్దమునకుఁ దద్భవము. ఒక పేరు పూఁతనుబట్టియు, రెండవది పొడినిబట్టియుఁ గలిగినవి. పొడి పూఁతయగు విధ మిది. సున్నపుఱాతినిగాని గుల్లలనుగాని కాల్చి, నీటఁ జల్లార్చి, ఇసుకతోఁ గలిపి గానుగలో నూఱి గోడకుఁ బట్టింతురు. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగాఁ బీల్చుకొని మరల ఱాయి యగును. తొందరపడువాని కిది పనికిరాదు.

పూఁత నిలుచుటకుఁ బూర్వులు చేర్పుల నేర్పఱచిరి. 6వ శతాబ్దివాఁడగు వరాహమిహిరుఁడు బృహత్సంహితలో వజ్రలేపమును జెప్పెను. పచ్చి తుమికికాయలు, పచ్చి వెలగకాయలు, బూరుగుపూలు మున్నగువానిని ద్రోణపరిమాణము గల నీట నెనిమిదవ వంతు మిగులునట్లు కాఁచి, గుగ్గులు, సర్జరసము, మారేడు మొదలగువానిని గలుపవలెను. అది కోటి యేండ్లు నిలుచుననుట యర్థవాదము. పాళ్లు మాత్రము విధియే. కొందఱు భ్రమపడునట్లు వజ్రలేపము సున్నపుగార కాదు, దానిలో సున్నమే లేదు. విష్ణుధర్మోత్తరపు తృతీయఖండమునఁ జిత్రములకై చెప్పిన గోడపూఁతలో నిటుకపొడి, సున్నము, గుగ్గులు, మైనము, బెల్లము కలవు. దక్షిణదేశపు మేస్త్రీలు వాడిన బెల్లపునీరును గరక్కాయకషాయమును ఈ సంప్రదాయమునకుఁ జేరినవే. వీనిని మూఢాచారములని నవ్వుట తగదు. 16వ శతాబ్దిలో లేపాక్షి మండపపుఁ గప్పుపై సున్నపుఁ బూఁతమీఁద వ్రాసిన చిత్రములు తలక్రిందుగా నుండియు నేఁటికిని గానవచ్చుచున్నవి.

గచ్చు పారసీకశబ్దము. అక్కడ గచ్ అనఁగా జిప్సపుఁ బూఁత. తెలుఁగునకు వచ్చి సున్నపుఁ బూఁతకును, నేలకును బేరయ్యెను. 1591లో లేచిన చార్మినారు పైపనియంతయు నీ గచ్చే.

1824లో నింగ్లండున పేటెంటు పొందిన పోర్ట్‌లండు సిమెంటు వచ్చిన పిమ్మట సున్నపుగానుగలు మూలఁబడెను. సిమెంటు త్వరగా గట్టిపడును; క్రొత్త గోడకు దోషములేదు. కాని సున్నపుగోడ తేమను బీల్చి మరల వెలికి విడుచును. దానిపై సిమెంటు దట్టించినచోఁ దేమ లోపలఁ జిక్కి, యుప్పు పొంగి, పెళ్లలు రాలును. తాతలనాఁటి యిండ్లను బాగుచేయించువారు పెక్కురీ పొరపాటే చేసి గోడను దూషింతురు. గోలకొండ కుతుబ్‌షాహీ సమాధుల జీర్ణోద్ధారమున నట్లు చేయలేదు. 2013లో నారంభమైన యా పనిలో, 20వ శతాబ్దిలో వేసిన సిమెంటును ఒలిచివేసి, సున్నపు గచ్చునే మరలఁ బట్టించిరి.