దేవుడు ‘ఆయన’ ఎట్లా అయినాడు?

పడమటి చిత్తూరు పల్లెల్లో పెద్దింటి ఆడమనిషి వస్తే ‘అమ్మగారు వచ్చినారు’ అంటారు. కూలి అడగడానికి దళిత స్త్రీ వస్తే ‘అది వచ్చింది’ అంటారు. ఆదివారం చర్చిలో ఆమె మోకరిల్లి పిలిచే దేవుడు మాత్రం ‘ఆయన’. ఇది ఉత్త మాటల తేడా అని మేము అనుకోవడం లేదు.

ముందు భాష సంగతి చూద్దాం. తెలుగు వ్యాకరణం మగవాణ్ని మహత్తు అంది. స్త్రీని పశువులతో, జడ వస్తువులతో చేర్చి అమహత్తు అంది. 1858లో వచ్చిన చిన్నయసూరి బాలవ్యాకరణం దీన్ని సూత్రంగా బిగించింది. అందుకే మగవాడు ‘వచ్చాడు’. స్త్రీ అయినా గొడ్డు అయినా ‘వచ్చింది’. ‘వచ్చారు’ అనే గౌరవం ఎవరికి దక్కాలో కులం చెబుతుంది. ఇట్లాంటి భాషలో దేవుడు మగవాడు గాక ఇంకేమవుతాడు?

మిషనరీలు బైబిలును తెచ్చింది ఈ భాషలోకే. స్కడర్ సోదరులు 1853లో ఆర్కాటు మిషన్ పెట్టారు. ఆ మిషన్ తరఫున జేకబ్ చాంబర్లేన్ 1863లో మదనపల్లెలో కేంద్రం తెరిచాడు, 1908లో అక్కడే చనిపోయాడు. తెలుగు బైబిలు సవరణ సంఘానికి ఆయన అధ్యక్షుడు కూడా. హీబ్రూలో ఆత్మను చెప్పే ‘రూఅహ్’ స్త్రీలింగం. గ్రీకు ‘న్యూమా’ నపుంసకలింగం. తెలుగుకొచ్చేసరికి పరిశుద్ధాత్మ కూడా ‘ఆయన’ అయింది.

బైబిల్లో తల్లి లేదా అంటే ఉంది. తల్లి ఓదార్చినట్టు ఓదార్చే దేవుడు యెషయా 66లో ఉన్నాడు. లూకా 15లో మూడు కథలున్నాయి: గొర్రెను వెదికే కాపరి, కొడుకు కోసం ఎదురుచూసే తండ్రి, పోయిన నాణెం కోసం దీపం పెట్టి ఇల్లు ఊడ్చే స్త్రీ. మొదటి ఇద్దర్నీ దేవుడికి పోలికగా చెప్పినంత సులువుగా మన ప్రసంగాలు ఆ ఊడ్చే స్త్రీని చెప్పవు. ఊడ్చేవాళ్లలో దేవుణ్ని చూడటం మనకింకా అలవాటు కాలేదు.

అట్లయితే దేవుణ్ని అమ్మా అంటే సరిపోతుందా? ఈ ప్రాంతానికి అది కొత్తగాదు. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ ఉంది, కుప్పంలో తిరుపతి గంగమ్మ ఉంది. గ్రామదేవత జాతరను సీమలో ‘దేవర’ అంటారు. ఆ మాటలో ‘డు’ లేదు. కానీ అమ్మ దేవతైన ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే, తూర్పు మండలాల్లో, మాతమ్మ పేరు చెప్పి మాదిగ ఆడబిడ్డల్ని దేవతకు వదిలారు. ఊరి మగవాళ్లు వాళ్లను వాడుకున్నారు. 1988లో రాష్ట్రం నిషేధ చట్టం చేసింది. అయినా 2017లో జాతీయ మానవ హక్కుల కమిషన్ నోటీసు ఇవ్వాల్సివచ్చింది. దేవత ఆడదైనంత మాత్రాన దళిత స్త్రీకి విడుదల దొరకలేదు.

తండ్రి దేవుడి చర్చి ఏం చేసిందో కూడా చూడాలి. 1911లో మదనపల్లెలో స్త్రీల కోసం, పిల్లల కోసం మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి వచ్చింది. ఊరు అంటరానిదన్న ఒంటిని ముట్టుకుని నాడి చూడటం చిన్న పని కాదు. బైబిలు స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పారు, చదువు నేర్పారు. వేదిక మాత్రం చాలాకాలం మగవాళ్లదే. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడితే, దాని తొలి మహిళా బిషప్‌గా ఇ. పుష్పలలిత నంద్యాల డయోసిస్‌కు వచ్చింది 2013లో. అరవై ఆరేళ్లు పట్టింది.

కాబట్టి దేవుడు ఆయనా, ఆమెనా అన్న దగ్గరే ఆగిపోతే లాభం లేదు. ‘అది’ అనిపించుకున్న మనిషిని ‘ఆమె వచ్చారు’ అనిపించడమే చర్చి అసలు పని అని మేమంటాం. ఆసుపత్రి ఆ పని కొంత చేసింది. ప్రసంగ వేదిక, సంఘ కమిటీ, ఆస్తుల లెక్కలు ఇంకా చెయ్యాల్సి ఉంది. చదివినవాళ్లు తమ ఊరి చర్చిలో ఒక్క సంగతి అడిగి చూడండి: ఊడ్చేది ఎవరు, నిర్ణయించేది ఎవరు? రెంటికీ జవాబు ఒక్కటే అయ్యేదాకా, అక్కడి దేవుడు పెద్దింటి మగవాడిగానే మిగిలిపోతాడు.