ఇట్ కుడ్‌న్ట్ హాపెన్ హియర్

బ్రిటిష్ పాప్ జంట పెట్ షాప్ బాయ్స్ ప్రధాన పాత్రల్లో నటించిన సంగీత చలనచిత్రం. 1987లో తీశారు. 1988 జూలైలో బ్రిటన్‌లో విడుదలైంది. దర్శకుడు జాక్ బాండ్.

ఈ జంటలోని నీల్ టెనెంట్, క్రిస్ లో 1986 నాటికే ‘వెస్ట్ ఎండ్ గర్ల్స్’ పాటతో బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానానికి చేరారు. అయినా ఊరూరా తిరిగి కచేరీలు చేయలేదు. వాళ్లు కోరుకున్న రంగస్థల హంగులకు ఖర్చు తడిసి మోపెడయ్యేది. మొదటి కచేరీ యాత్ర 1989లో గాని కుదరలేదు. ఆ లోటు పూడ్చడానికి 1987 నాటి ‘యాక్చువల్లీ’ ఆల్బమ్ పాటలతో గంటసేపటి వీడియో తీద్దామనుకున్నారు. అది పెరిగి పెరిగి సినిమా అయింది. ఆ ఆల్బమ్‌లో ఇటలీ స్వరకర్త ఎన్నియో మోరికోనేతో కలిసి కట్టిన పాట పేరే సినిమాకూ పెట్టారు.

1960లలో చిత్రకారుడు సాల్వడార్ డాలీపై డాక్యుమెంటరీ తీసినవాడు జాక్ బాండ్. ఈ సినిమాకు కథ లేదనడం కన్నా, కథ చెప్పే ఉద్దేశం ఆయనకు లేదనడం సబబు. ఇంగ్లండ్ సముద్రతీరపు ఊరి నుంచి ఇద్దరూ కారులో లండన్‌కు బయల్దేరతారు. దారిలో కలిసేవాళ్లంతా వింత మనుషులే. క్రిస్ దిగిన బస ఇంట్లో యజమానురాలు పళ్లెం నిండా ఫలహారం తెచ్చిపెడుతుంది. అతను దాన్ని ఆమె మీదే కుమ్మరించి, పెట్టె పట్టుకుని పరుగు తీస్తాడు. ఎందుకని అడిగితే జవాబుండదు. ఆ యజమానురాలిగా బార్బరా విండ్సర్ నటించింది. నీల్ తల్లి కూడా ఆమే. జాస్ ఆక్లండ్ ఒకచోట అంధుడైన మతగురువు, మరోచోట కారెక్కిన హంతకుడు. ఈ నటులు ఒళ్లు దాచుకోకుండా చేస్తుంటే, హీరోలిద్దరూ తమకేమీ పట్టనట్టు ముభావంగా ఉంటారు. అది వాళ్ల సహజ ధోరణే. వేదిక మీద చెల్లింది గాని, తెర మీద అంతసేపు భరించడం కష్టం.

విమర్శకులు చీల్చి చెండాడారు. జనమూ రాలేదు. వీహెచ్ఎస్, లేజర్‌డిస్క్‌లపై వచ్చాక సినిమా కనుమరుగైంది. ఏళ్ల తరబడి అభిమానులకు పాత టేపులే గతి.

విచిత్రమేమిటంటే, ఇందులో ఒక ముక్కను మాత్రం లోకమంతా చూసింది. ‘ఆల్వేస్ ఆన్ మై మైండ్’ పాట వీడియోను ఈ సినిమా దృశ్యాలతోనే కూర్చారు. కారు వెనక సీట్లో ఆక్లండ్ కూర్చుని ఉండే ఆ వీడియో ఎల్లెడలా ఆడింది. పాట 1987 క్రిస్మస్‌కు బ్రిటన్‌లో మొదటి స్థానంలో నిలిచింది. సినిమా విడుదలకు అప్పటికింకా నెలలు మిగిలే ఉన్నాయి.

2020లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ దీన్ని బ్లూ-రే, డీవీడీలపై మళ్లీ విడుదల చేసింది. సినిమా చూసేవారు ముందుగా ‘యాక్చువల్లీ’ ఆల్బమ్ విని కూర్చోవడం మేలు.