నదిలో సగం

సియాటెల్ వచ్చిన రెండో ఏడాది, ఆఫీసులో ఒకతను నాకు గాలం వెయ్యడం నేర్పాడు. లైసెన్స్ కొనుక్కుని, చలిలో మోకాళ్ళ లోతు నీళ్ళలో గంటలకొద్దీ నిలబడి, ఉత్త చేతులతో ఇంటికొచ్చేవాళ్ళం. ఒకరోజు తిరిగొస్తుంటే కార్లో అతనన్నాడు: "వాళ్ళు వలలేసి ఊడ్చుకుపోతారు, మనం ఒక్క చేప ఎక్కువ పడితే ఫైన్. ఇదేం న్యాయం?"

వాళ్ళంటే ఇక్కడి ఆదివాసులు. నిజమే కదా అనుకున్నాను. రిజర్వేషన్ల గురించి ఇలాంటి మాటలు వింటూ పెరిగినవాణ్ణే కాబట్టి, ఆ కోపం నాకు కొత్తగా కూడా అనిపించలేదు. దాని వెనక ఉన్న చరిత్ర చదివింది చాలా తర్వాత.

1854 డిసెంబర్ 26న, నిస్క్వాలీ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, మెడిసిన్ క్రీక్ అనే వాగు ఒడ్డున ఒక ఒప్పందం జరిగింది. అటువైపు వాషింగ్టన్ టెరిటరీ గవర్నర్ ఐజాక్ స్టీవెన్స్, ఇటువైపు నిస్క్వాలీ, పుయాలప్ తదితర తెగల పెద్దలు. సంభాషణ నడిచింది చినూక్ జార్గన్‌లో. అది సరుకులు మార్చుకోవడానికి పుట్టిన భాష, ఉన్నవి కొన్ని వందల మాటలే. ఆ భాషలో వాళ్ళు తమ నేల దాదాపు అంతా వదులుకున్నారు. అలవాటైన చోట్లలో, మిగతా పౌరులతో కలిసి, చేపలు పట్టుకునే హక్కు మాత్రం వదల్లేదు.

గొడవంతా ఆ "కలిసి" దగ్గరే వచ్చింది.

1925లో రాష్ట్ర శాసనసభ స్టీల్‌హెడ్‌ను క్రీడా చేపగా ప్రకటించింది. అంటే గాలంతో సరదాగా పట్టుకోవచ్చు, వలేసి పట్టి అమ్ముకోకూడదు. చూడ్డానికి అందరికీ ఒకే రూలు. కానీ తరతరాలుగా వలతో బతికినవాళ్ళకి ఆ రూలు నేరం అంటగట్టింది. బిల్లీ ఫ్రాంక్ జూనియర్‌ని నిస్క్వాలీ నదిలో వలేసినందుకు మొదటిసారి అరెస్టు చేసింది 1945లో. అప్పటికి అతనికి 14 ఏళ్ళు. తర్వాత 50 సార్లకు పైగా అరెస్టయ్యాడు. 1960లలో అరెస్టులకు సిద్ధపడే వలలేసే నిరసనలు మొదలయ్యాయి. 1964లో మార్లన్ బ్రాండో కూడా వచ్చి అరెస్టయ్యాడు. 1970 సెప్టెంబర్‌లో పుయాలప్ నది ఒడ్డున ఉన్న శిబిరం మీద పోలీసులు బాష్పవాయువుతో విరుచుకుపడ్డారు. అదే నెలలో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రం మీద కేసు వేసింది.

గాలం వేసేవాళ్ళు దుర్మార్గులని నేననను. నదుల మీద వాళ్ళ ప్రేమ నిజం, చేపలు తగ్గిపోతున్నాయన్న భయమూ నిజం. కానీ సాల్మన్ దారి చూడండి. సముద్రంలో పెద్ద పడవలు పడతాయి, జలసంధిలో ఇంకొన్ని పడతాయి, అవన్నీ తప్పించుకున్న చేపే నదిలోకొస్తుంది. ఆదివాసుల వల ఉండేది అక్కడ, వరసలో చివర. చేపల్ని కాపాడాలి అన్నప్పుడల్లా ఆపమన్నది ఆ చివరి వలనే.

1974 ఫిబ్రవరి 12న జడ్జి జార్జ్ బోల్ట్ తీర్పు చెప్పాడు. ఒప్పందం నాటి భాషలో "కలిసి" అంటే సమానంగా పంచుకోవడం అన్నాడు. గుడ్లు పెట్టడానికి సరిపడా చేపల్ని వదిలాక, పట్టదగినవాటిలో సగం ఆదివాసులకి. ఆయన దిష్టిబొమ్మని ఉరితీశారు. తీర్పుని అడ్డుకోవడానికి జరిగిన ప్రయత్నాలు ఎంత గట్టివంటే, స్కూళ్ళలో జాతి వివక్ష తొలగించిన కేసుల్లో తప్ప అలాంటిది చూడలేదని పై కోర్టు రాసింది. 1979లో సుప్రీంకోర్టు తీర్పుని దాదాపు యథాతథంగా నిలబెట్టింది.

నన్ను ఆపేసింది మాత్రం అంతకన్నా పాత తీర్పు, 1905 నాటి వైనన్స్ కేసు. ఒప్పందం ఆదివాసులకి హక్కులు ఇవ్వలేదు, వాళ్ళే ఇచ్చారు, ఇవ్వనివి తమకే అట్టిపెట్టుకున్నారు అని దాని సారాంశం. ఇంగ్లీషులో ఆ అట్టిపెట్టుకోవడాన్నే రిజర్వేషన్ అంటారు. ఆ మాట వినగానే పైనుంచి ఎవరో ఇచ్చింది అనుకోవడం మన అలవాటు. ఇక్కడ దాని అర్థం సరిగ్గా తిరగబడింది. ఇల్లమ్మినవాడు పెరట్లో బావి నాదీ, మీదీ అని దస్తావేజులో రాయించుకుంటే, వందేళ్ళ తర్వాత అతని మనవడు తోడుకునే నీళ్ళు మన దయ అవుతాయా?

ఆ సగం కూడా ఇప్పుడు చిక్కిపోతోంది. పుజెట్ సౌండ్ స్టీల్‌హెడ్ 2007 నుంచి ముప్పున్న జాతుల జాబితాలో ఉంది. రోడ్ల కింద తూములు చేపల దారి మూసేస్తున్నాయని తెగలు మళ్ళీ కోర్టుకెళ్ళాయి. 2018లో సుప్రీంకోర్టు 4-4గా చీలడంతో కింది తీర్పే నిలిచి, వాటిని బాగుచెయ్యాల్సిన బాధ్యత రాష్ట్రం మీద పడింది. ఆ తూములు తెరుచుకుంటే పైకెళ్ళే చేప వలకీ దొరుకుతుంది, నా గాలానికీ దొరుకుతుంది.

ఇదంతా ఆ స్నేహితుడికి చెప్పాను. పూర్తిగా ఒప్పుకోలేదు. ఇద్దరం ఇప్పటికీ వెళ్తూనే ఉంటాం. నా లైసెన్స్ ఆన్‌లైన్లో పది నిమిషాల్లో వచ్చింది. జేబులో అది తగిలినప్పుడల్లా, సొంత నదిలో పట్టుబడిన ఆ 14 ఏళ్ళ పిల్లాడు గుర్తొస్తాడు.